నీలం చీర ఉతకొద్దు

బొబ్బిలి, మంగళవారం

కృపక్కా, నేను క్షేమమే గాని, ముందు ఒక మాట: శనివారం సంతకు మన గేదెను తోలనివ్వకు.

నీ చెయ్యి విరిగి బావ పితకడం మొదలెట్టాక అది పాలు చేపడం లేదన్నావు. దిష్టి తగిలిందనేవాళ్లదీ, సూదిమందు పొడవమనేవాళ్లదీ ఒకే బుద్ధి: పశువుకి మనసు లేదని! ఇక్కడ పశువుల నడవడిక మీద పరిశోధన చేసే డాక్టర్ దేవిగారు ఉన్నారు. గేదెల అలకలు రాసుకోవడానికి జీతమా అని దెబ్బలాడదామనే వెళ్లాను. ఆరు నెలలుగా ఆవిడ పశువుల పాకల్లోనే కూర్చుని, ఏ గేదె ఎవరిని చూసి బెదురుతుందో రాస్తున్నారు. దెబ్బలాట మానేసి నేనూ పక్కన కూర్చున్నాను.

కూర్మయ్య అనే రైతుదీ మన బాధే, రోజూ పితికే భార్య ఊళ్లో లేదు. "మీ ఆవిడ చీర కట్టుకుని పితకండి" అన్నారావిడ.

"నానేటి, సీర కట్టడమేటమ్మా? ఊరంతా నవ్వుతాది" అంటూనే కట్టాడు. గేదె కొంగు వాసన చూసి చేపేసింది!

"చీర చేసింది సగమే. అది కట్టాక మీరు తిట్టలేదు, కర్ర ఎత్తలేదు. మిగతా సగం అదీ" అన్నారావిడ. అంత మనిషీ తల దించుకున్నాడు.

పితికేటప్పుడు కట్టుకునే నీ నీలం చీర బావకియ్యి. ఉతకొద్దు. గేదె ముందు సిగ్గేటని నేనన్నానని చెప్పు. నీ చేతికట్టు ఎప్పుడు విప్పుతారు? అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నాకోసం ప్రార్థన మానమన్నా మానవు కదా, ఈ వారం నా వంతు ఆ డాక్టరమ్మకి ఇచ్చెయ్యి.

బావకు వందనాలు, కర్ర దించితేనే.

తమ్ముడు శాంతికుమార్