చింతపండుతో తోమిన సెన్సర్

తోర్వా, బిలాస్‌పూర్
ఆదివారం మధ్యాహ్నం

మా పైడక్కకి,

నీ చెల్లెలు సుజాత నమస్కారాలతో రాస్తున్నది ఏమంటే, నేనిక్కడ నిక్షేపంగా ఉన్నాను. వేళకి తింటున్నాను, వేళకి పడుకుంటున్నాను. అక్కడ నువ్వూ బావా పిల్లలూ కులాసాగా ఉన్నారా? అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? మీ అత్తగారి దగ్గు తగ్గిందా? ఆవిడ చన్నీళ్ల స్నానం మానరని నాకు తెలుసు. అయినా నేను అడిగానని చెప్పు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని ముక్కు మీద వేలేసుకుంటున్నావు కదూ? ఫోన్లో నువ్వు నన్ను ఒక్క మాట పూర్తి చేయనిస్తావా? ‘తిన్నావా, ఏం కూర, చిక్కిపోయావా’ అంటూండగానే కుక్కర్ కూత వేస్తుంది, నువ్వు పరిగెడతావు. నేను చెప్పబోయేది పెద్ద కథ. మంచి కబురు చివర్లో ఉంది. నీ బుద్ధి నాకు తెలుసు, ముందే చివరి పేజీ తిప్పకు.

ఎండలు తగ్గాయి. మే నెలంతా వేడిగాలికి ముఖానికి గుడ్డ చుట్టుకుని స్కూటీ నడిపాను. ఇప్పుడు వానలు. ఇంటి ఓనరు ఆంటీ పొద్దున్నే బోరే బాసి పెడుతుంది. పేరు చూసి హడలిపోకు, మన చద్దన్నమే. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కూడా మనలాగే. మొదటిసారి తిన్నప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరపకాయ ఘాటని ఆంటీకి చెప్పాను, నీకు అబద్ధం చెప్పను. వచ్చిన కొత్తలో చాలా ఏడ్చానక్కా. రోజంతా హిందీ మాట్లాడి మాట్లాడి సాయంత్రానికి దవడలు నొప్పి పెట్టేవి. ఇప్పుడు లేదు. నిజంగా లేదు, దిగులు పడకు.

నా ఉద్యోగం గురించి నువ్వు బొబ్బిలంతా ‘మా చెల్లి నీళ్లకి వాసన చూస్తుంది’ అని చెబుతున్నావట. బావ చెప్పాడు. సరిగ్గా తెలుసుకో. కాలనీల్లో ట్యాంకు నీళ్లు ఇళ్లకి వదిలే ముందు బ్లీచింగ్ మందు కలుపుతారు. అది చాలకపోతే నీళ్లలో రోగం ఉంటుంది, ఎక్కువైతే గొంతు మండుతుంది. సరిగ్గా ఉందా లేదా అని ఇరవై నాలుగు గంటలూ చూసేది సెన్సర్. పెద్ద గొట్టం నుంచి సన్న ధారగా నీళ్లు ఒక అద్దంలాంటి కప్పులోకి వస్తాయి. ఆ కప్పులో సెన్సర్ మునిగి ఉంటుంది. దాని కొసన ఉల్లిపొర కంటే పల్చని పొర ఒకటి. గోడ మీద అంకె కనపడుతుంది, మా ఫోన్లకీ వస్తుంది. సున్నా పాయింట్ రెండు కంటే తగ్గకూడదు. వాటిని బిగించడం, శుభ్రం చేయడం, అంకె నిజమో కాదో పరీక్షించడం నా పని. నన్ను ఆరు నెలలు చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. మా పై అధికారి తివారీ సాబ్‌కి సెన్సర్ల మీద పెద్ద నమ్మకం లేదు, ఆడపిల్ల స్కూటీ మీద పానా పట్టుకుని తిరగడం మీద అసలే లేదు.

నాకిచ్చిన మొదటి సెన్సర్ ఊరి చివర ఒక పాత కాలనీది. అక్కడ ట్యాంకు చూసుకునేది సింహాచలం మావయ్య. మనవాడే. వాళ్ల నాన్న చీపురుపల్లి నుంచి రైల్వే పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడట. మావయ్య ఇక్కడే పుట్టాడు, తెలుగు చదవడం రాదు, మాట మాత్రం అచ్చం మన చిన్నతాత మాట. నన్ను చూసిన మొదటి రోజే, “ఏటి పాపా, మనోళ్లేనా? అచ్ఛా! అయితే టీ తాగు” అన్నాడు. ఆ టీ తాగి ఇంటికొచ్చి నీకు అరగంట ఫోన్ చేశాను, గుర్తుందా?

కోర్బా రైలుబండిలో నువ్వు చింతపండు పంపావు కదా. సదర్ బజార్లో దొరికే దాంట్లో పులుపు లేదని మావయ్య అంటే, నీ చింతపండు గుప్పెడు పేపర్లో కట్టి ఇచ్చాను. అక్కా, నీ చింతపండే నా ఉద్యోగానికి ఎసరు పెట్టింది!

ఎలాగంటే, అప్పటిదాకా ముత్యంలా పనిచేసిన సెన్సర్ ఒక శుక్రవారం పొద్దున్నే పడిపోయింది. అంకె సున్నా దగ్గర కూర్చుంది. వెళ్లి చూస్తే పొర మీద గోధుమరంగు మడ్డి. అది మార్చి కొత్తది బిగించాను, బాగైంది. వారం గడిచింది. మళ్లీ శుక్రవారం, మళ్లీ సున్నా, మళ్లీ అదే మడ్డి. నీళ్లలో ఇనుము ఎక్కువై ఉంటుందని నేనే తేల్చేసి, పెద్ద పండితురాలిలా రిపోర్టు రాసి పంపాను. శుక్రవారమే ఇనుము ఎందుకొస్తుందని ఆలోచించాలి కదా? ఆలోచించలేదు. మూడో శుక్రవారం తివారీ సాబ్ ఫోన్లో గట్టిగానే అన్నాడు. “సెన్సర్ ఖరాబ్ హై. నెలాఖరుకి బాగవకపోతే పీకేస్తాం, నువ్వు కూడా వేరే పని చూసుకో.”

నాలుగో శుక్రవారం తెల్లారేసరికి పంపు హౌసుకి వెళ్లాను. గుమ్మంలోనే నిలబడిపోయాను. సింహాచలం మావయ్య స్నానం చేసి, విభూది పెట్టుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. సన్న కొళాయి కట్టేశాడు, కప్పు ఊడదీశాడు. ఎడమ చేతిలో నా సెన్సర్, కుడి చేతిలో నీ చింతపండు. దేవుడి పంచపాత్ర తోమినట్టు తోముతున్నాడు.

“ఏటి చేస్తన్నావు మావయ్యా!” అని అరిచాను.

“ఏటమ్మా, ఇంత పొద్దున్నే వచ్చీసినావు?” అన్నాడు చల్లగా. “సుక్కురవారం కదేటి. కాలనీకంతటికీ ఇది కాపలా కాస్తంది. మైలగా ఉంచీసి, మన గంటా మన దీపం కుందీ మాత్రం తోముకుంటామా? నువ్విచ్చిన చింతపండు శానా బాగుందమ్మా. బిల్‌కుల్ తళతళలాడిపోతంది.”

సెన్సర్ పెట్టె మీద పసుపూ కుంకుమా మొదటినుంచీ చూస్తూనే ఉన్నాను, ముచ్చటేసి ఊరుకున్నాను. లోపల కూడా పూజ జరుగుతోందని కలగన్నానా? నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. ఆ పొర ఎంత నాజూకో, చింతపండు మడ్డి పట్టేస్తే దానికి మందు ఎలా కనపడకుండా పోతుందో చెప్పాను. మావయ్య ముఖం చిన్నబోయింది. “నా సేతుల్తో నానే దాని కళ్లు పొడిసీనానా?” అన్నాడు. పాపం, ఆ రోజు టీ కూడా తాగలేదు.

తివారీ సాబ్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మావయ్య మీదకి తోసెయ్యలేదు. దాన్ని ఎలా చూసుకోవాలో ఆయనకి నేర్పకపోవడం నా తప్పేనని చెప్పాను. ఆఫీసులో అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ రోజునుంచి నా పేరు ‘ఇమ్లీ మేడమ్’, అంటే చింతపండు మేడమ్. సాబ్ మాత్రం నవ్వలేదు. ఇంకొక్కసారి అంకె తప్పు వస్తే సెన్సరూ ఉండదు, మీరిద్దరూ ఉండరు అన్నాడు. మావయ్యకీ నాకూ ఒప్పందం కుదిరింది. బొట్టు పెట్టెకి, చింతపండు గంటకి, కప్పు జోలికి మాత్రం పోకూడదు.

ఇక అసలు సంగతి. మొన్న గురువారం సాయంత్రం నుంచి కుండపోత వాన. శుక్రవారం పొద్దున్న అయిదున్నరకి నా ఫోన్ మోగింది. అంకె పడిపోతోంది. సున్నా పాయింట్ ఒకటి, తర్వాత అదీ లేదు. రెయిన్‌కోటు వేసుకుని బయల్దేరేలోపే సాబ్ ఫోన్. “ఫిర్ ఇమ్లీ?” మళ్లీ చింతపండేనా అని. “ఆరింటికి నీళ్లు వదిలెయ్యండి. ఆ సెన్సర్ సంగతి తర్వాత చూద్దాం.”

నేను వెళ్లేసరికి మావయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. “సింహాద్రప్పన్న మీద ఒట్టు పాపా, నాను ముట్టుకోలేదు” అన్నాడు. కప్పు చూశాను. శుభ్రంగా ఉంది. ఆయన్ని నమ్మాను. నమ్మితే సరిపోదు కదా, ఋజువు కావాలి. గ్లాసులో నీళ్లు పట్టి పరీక్ష మాత్ర వేశాను. మందు ఉంటే నీళ్లు గులాబీ రంగుకి తిరగాలి. తిరగలేదు. మాత్రలు పాతవేమోనని ఇంకో గ్లాసులో డ్రమ్ములోని మందు ఒక్క చుక్క కలిపి చూశాను, ఎర్రమందారం రంగొచ్చింది. అంటే మాత్ర నిజం, సెన్సర్ నిజం. నీళ్లలోనే మందు లేదు. పైగా అవి వాననీళ్లు కలిసిన బురద నీళ్లు.

అక్కా, ఆ రంగు తిరగని గ్లాసు చేత్తో పట్టుకుంటే నాకు నీ కళ్లు గుర్తొచ్చాయి. ఆ ఏడు వానలకి మన వీధి కొళాయిలో ఎర్రనీళ్లొస్తే, వడగట్టుకుని తాగాం. కామెర్లొచ్చి నీ కళ్లు పసుపుముద్దలైపోయాయి. నీ పదో తరగతి మధ్యలోనే ఆగిపోయింది, మళ్లీ నిన్ను బడికి పంపలేదు. నీ పుస్తకాలతోనే నేను చదువుకున్నాను. మీద నీ పేరు కొట్టేసి నా పేరు రాసుకున్నాను. ఈ మాట నీతో ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

“మావయ్యా, వాల్వు తిప్పకు” అన్నాను. “సాబ్ తిప్పమన్నాడు కదమ్మా, నీ నౌక్రీ పోద్ది” అన్నాడు. “పోతే పోనీ.” ఆయన వాల్వు తిప్పే ఆ పెద్ద చక్రం మీద తన తువ్వాలు కట్టేసి దాని ముందే కూర్చున్నాడు. “నన్ను దాటెల్లి ఎవడు తిప్పుతాడో సూస్తాను” అన్నాడు.

ఆరు దాటగానే జనం వచ్చేశారు. ఖాళీ బకెట్లు, అరుపులు. ఒకావిడైతే ‘పిల్లలకి బడి టైమైంది, నువ్వెవరు ఆపడానికి’ అని మీదమీదకొచ్చింది. నాకొచ్చిన హిందీ అంతా వాడేశాను. రెండు గ్లాసులూ చూపించాను. ఇటుపక్క రంగు, అటుపక్క ఏమీ లేదు. “ఈ నీళ్లు మీ పిల్లలకి పడతారా?” అని అడిగాను. ఆవిడ గ్లాసు వైపు చూసి, బకెట్ బోర్లించి దాని మీదే కూర్చుంది. మిగిలినవాళ్లూ ఆగారు.

మావయ్యా నేనూ గొట్టం పొడుగునా వెతికాం. డ్రమ్ము నిండుగానే ఉంది. డ్రమ్ము నుంచి మందు వచ్చే సన్న ట్యూబులో బ్లీచింగ్ సున్నం గడ్డకట్టి దారి మూసేసింది. ఊడదీసి, తీగ పెట్టి పొడిచి, కడిగి మళ్లీ బిగించాం. తర్వాత ఇద్దరం గోడ మీద అంకె ముందు నిలబడ్డాం. సున్నా పాయింట్ ఒకటి. ఒకటిన్నర. రెండు. మూడు! మావయ్య పసిపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. అప్పటికి వానలోనే తివారీ సాబ్ వచ్చేశాడు, ముఖం నల్లమబ్బులా ఉంది. గ్లాసులూ మాత్రలూ ముందు పెట్టాను. మేం ట్యూబులోంచి తీసిన సున్నం గడ్డని ఆయన అరచేతిలో వేసుకుని తిప్పి తిప్పి చూశాడు.

“నీళ్లు వదిలి ఉంటే?” అన్నాడు నెమ్మదిగా.

“వదల్లేదు కదా సాబ్” అన్నాను.

ఎనిమిదింటికి మావయ్య చేత్తోనే వాల్వు తిప్పించాం. సాబ్ కాలనీలో చిట్టచివరి ఇంటిదాకా తడుస్తూ నడిచి, అక్కడ కొళాయి నీళ్లలో తనే మాత్ర వేశాడు. గులాబీ రంగు. ఆ ఇల్లెవరిదనుకున్నావు? బకెట్ మీద కూర్చున్నావిడది. నిన్న వేడివేడి ఫరా చేసి పంపింది, ఇక్కడి బియ్యప్పిండి ఉండ్రాళ్లలాంటివి. బాగున్నాయి, నీ చేతివంటంత కాదులే.

ఇదిగో మంచి కబురు. ఆరు నెలలు నిండకుండానే నా ఉద్యోగం ఖాయం చేశారు! మిగతా ట్యాంకులన్నిటికీ సెన్సర్లు పెడుతున్నారు, ఆ పని మొత్తం నాదే. అన్ని ట్యాంకుల ఆపరేటర్లకీ పాఠం చెప్పాలన్నాడు సాబ్. మొదటి పాఠం సింహాచలం మావయ్యే చెబుతాడట. “చింతపండు గురించి నాకంటే బాగా ఎవుడు సెప్తాడు?” అంటున్నాడు. గర్వం చూడాలి!

నాకు కావలసినవి రెండే. చింతపండు అయిపోయింది, ఈసారి రెండు కేజీలు పంపు, ఒకటి మావయ్య గంటకి. అమ్మ పాత నూలుచీరలు ఉంటే చించి మెత్తటి గుడ్డలు పంపు, సెన్సర్లు తుడవడానికి వాటిని మించినవి లేవు. బావకీ అత్తమ్మగారికీ నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. అమ్మ చేత నా పేరు చెప్పి దేవుడి దగ్గర ఒక దీపం పెట్టించు. మీ అందరి దీవెనలూ నా తల మీద ఉండాలి.

ఇంకొక్క సంగతి. కొత్త సెన్సర్ బిగించినప్పుడు ఫోన్లో దానికో పేరు పెట్టాలి. ఇప్పటిదాకా ట్యాంకు ఒకటి, ట్యాంకు రెండు అనే పెడుతున్నారు. నిన్న రాజ్‌కిశోర్ నగర్ వైపు ఒకటి బిగించి, పైడితల్లి అని కొట్టాను. ఇదెవరని సాబ్ అడిగితే, మా అక్క అని చెప్పాను. ఈ పొద్దున ఆరింటికి కళ్లు తెరవగానే ఫోన్లో పచ్చటి అక్షరాలు వచ్చాయి. పైడితల్లి, ఠీక్ హై. ఇకమీదట రోజూ వస్తుంది. రోజూ ముందు నిన్నే చూస్తాను.

నీ పుస్తకాల మీద పేరు కొట్టేసిన చెల్లెలు,
సుజాత