వెనకగది మోగుతూనే ఉండాలి

టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరైన నేను, డెబ్బై ఆరేళ్ల వయసులో, నా బల్ల దగ్గర కూర్చుని, నా సొంత దస్తూరీతో ఈ వీలునామా రాస్తున్నాను. మోకాళ్లు నా మాట వినడం మానేశాయి. చెవులూ బుద్ధీ మాత్రం ఇంకా నా అదుపులోనే ఉన్నాయి. అనుమానం ఉన్నవారికోసం డాక్టరు ధ్రువపత్రం జతచేశాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు, పెట్టి నెగ్గినవారు ఇంతవరకు లేరు కూడా. ఇంతకుముందు రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు.

మళ్లీ ఎందుకు రాయాల్సి వచ్చిందో చెప్పాలి. నేను ఆస్పత్రిలో ఉండగా నా కొడుకు తన కూతురితో, "వెనకగదిలో ఈ డబడబలన్నీ నానమ్మ ఉన్నన్నాళ్లే. తర్వాత ఆ గది అద్దెకిచ్చేద్దాం. నువ్వు బుద్ధిగా ఓ ఉద్యోగం చూసుకో" అన్నాడు. ఆ పిల్ల నాకు చెప్పలేదు. వాడే చెప్పాడు, నా మంచం పక్కన బత్తాయి ఒలుస్తూ, ఏదో శుభవార్తలాగా. "ఉన్నన్నాళ్లే" అన్న ఆ మాటకు నా జవాబు ఈ కాగితం.

1. ఈ ఇల్లు నా స్వార్జితం. నా జీతంతో కట్టుకున్నది. ఇందులో ముందుభాగం నా కొడుక్కీ, పై అంతస్తు నా కూతురికీ చెందాలి. వెనకగది, దానికి పక్కసందులోంచి ఉన్న దారి, విడి కరెంటు మీటరు, తలుపు తాళంచెవులు రెండూ నా మనవరాలికి, అంటే నా కొడుకు కూతురికి, ఇంట్లో అందరూ పిడుగు అని పిలిచేదానికి, సర్వహక్కులతో దఖలు పడాలి. మూడో తాళంచెవి లేదు. ఎవరైనా ఉందంటే అది దొంగది.

2. ఆ గదిలోని చరాస్తి కూడా పిడుగుదే: గోడ పొడవునా ఉన్న, కరెంటుతో స్వరాలు పుట్టించే కేబుళ్ల సింథసైజరు, డ్రమ్ మెషీను (నాలుగో మీట గట్టిగా నొక్కితేగాని పలకదు, బాగుచేయించవద్దు, ఆ మొండితనం పాటకు పనికొస్తుంది), మిక్సరు, స్పీకర్ల జత, కంప్యూటరు, సోల్డరింగ్ సామాను. ఇవన్నీ అమ్ముకుంటానని పిడుగు అంటే అది దాని ఇష్టం. వాళ్ల నాన్న అమ్మిపెడతానంటే మాత్రం కుదరదు.

3. యంత్రాలతోపాటు ఈ నియమాలు కూడా పిడుగుకే. ఇవి సలహాలు కావు.

పాత సింథసైజరు వేడెక్కేదాకా శ్రుతి నిలవదు. స్విచ్చి వేసి అరగంట ఆగు. ఆ అరగంట ఫోను ముట్టుకోకు. స్పీకర్లు అన్నిటికన్నా చివర వెయ్యి, అన్నిటికన్నా ముందు ఆపు. గట్టిగా వింటే ప్రతి చెత్తా గొప్పగానే ఉంటుంది. అందుకని బాగా తగ్గించి, తలుపు ఓరగా తీసి, వసారాలో నిలబడి విను. అక్కడ కూడా తాళం తెలిస్తే పాట నిలబడినట్టు. బేసూ డ్రమ్మూ ఒకదాన్నొకటి తొక్కుకుంటుంటే రెండింటినీ పెంచకు, ఒకదాన్ని తగ్గించు. ఈ ఇంట్లో పెరిగినదానివి, ఇద్దరూ ఒకేసారి అరిస్తే ఏమవుతుందో నీకు వేరే చెప్పక్కర్లేదు. ఎకో చుట్టంలాంటిది, వచ్చాక వెళ్లాలి. చేసిన పని ఏ పూటకాపూట రెండుచోట్ల దాచు, అందులో ఒకటి ఈ ఇంట్లో ఉండకూడదు. కొత్త యంత్రం మీద మనసు పోయినప్పుడల్లా ముందు ఉన్నవాటితో ఒక పాట పూర్తి చెయ్యి. చేయలేకపోతే లోపం యంత్రాలది కాదు.

4. నా కోడలికి నా మంచి హెడ్‌ఫోన్లు.

కారణం కాస్త పొడుగు. కేబుళ్ల సింథసైజరుకు జ్ఞాపకం ఉండదు. ఏ కేబులు ఎందులో గుచ్చామో అదే దాని పాట, పీకితే పోయినట్టే. నేను ఆస్పత్రిలో ఉండగా కోడలు గది సర్దింది. కేబుళ్లన్నీ పీకి, తడిగుడ్డతో తుడిచి, రంగులవారీగా చుట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టింది. ఏడాదిగా కడుతున్న పాట ఆ డబ్బాలోకి పోయింది. నేను ఇంటికి రాగానే, "అత్తయ్యా, ఇప్పుడు చూడండి, గది ఎంత కళగా ఉందో!" అంది. నిజంగానే కళగా ఉంది. ఆమెను తిట్టే హక్కు నాకూ లేదు. ఆమెకు తెలియకుండా ఆమె కుట్టుమిషను చప్పుడు నేను రికార్డు చేసుకున్నాను. నా పాటల్లో సగానికి దరువు అదే. గుడ్డ మలుపు దగ్గర ఆమె కాలు ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకునే తీరు ఏ డ్రమ్ మెషీనుకూ రాదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినమ్మా. అది నువ్వే.

5. సంగీత సంఘం కార్యదర్శికి ఒక కేబులు. నేను కచేరీకి అవకాశం అడిగితే, "తీగలు గుచ్చడం సంగీతమేమిటండీ, ఎలక్ట్రీషియను పని కదా!" అని సభ్యులందరి ముందూ నవ్వినవారు. ఆ కేబులు ఒకవైపే పలుకుతుంది. ఆయన వినే పద్ధతికి సరిపోతుంది.

6. ఈ వీలునామాకు అమలుకర్త నా కూతురు. దానికి ఈ యంత్రాలంటే ఒళ్లుమంట, ఆ సంగతి నా మొహం మీదే అంటుంది: "అమ్మా, నీ పాట వింటే మిక్సీ పాడైందేమో అనిపిస్తుందే." పక్షపాతం లేని మనిషి, అన్నయ్యకు జంకని మనిషి. ఇంతకన్నా ఏం కావాలి?

7. నా కొడుకు గానీ మరెవరు గానీ వెనకగదికి తాళం వేసినా, కరెంటు తీసినా, పిడుగు మీద కోర్టుకెక్కినా, అలా చేసినవారి వాటా ఆ రోజునుంచి నా కూతురికి చెందాలి. లాయరుకు చూపించి రాశాను. బెదిరింపా అని అడిగాడు, అవునన్నాను.

8. ఇక నా కొడుక్కి విడిగా ఒకటి.

నాన్నా, నీకు గుర్తుండదు. బడి వదలగానే ఎక్స్ఛేంజీకొచ్చి, లైన్లు కలిపే నా బోర్డు పక్కన స్టూలు మీద కూర్చుని లెక్కలు చేసుకునేవాడివి. ఒకరోజు రెండు లైన్లు ఒకదానికొకటి తగులుకుని గుయ్యిమన్నాయి. మేమంతా ఎక్కడ లోపమా అని వెతుకుతున్నాం. నువ్వు తలెత్తి, "అమ్మా, అది పాడుతోందే!" అన్నావు. అంతకుముందు నాకది లోపమే. బోర్డులు తీసేశాక, రిటైరయ్యాక, జనం నవ్వుతుంటే నేను ఈ యంత్రాలు కొన్నది నీ ఆ ఒక్క మాట పట్టుకుని. పిడుగుకు ఈ పిచ్చి నా నుంచి వచ్చిందనుకుంటున్నావు. నీ నుంచే వచ్చింది.

అందుచేత వెనకగదిలో ఒక కుర్చీ మీద నీకు జీవితాంతం హక్కు ఇస్తున్నాను. తలుపు తట్టి రావాలి. పని జరుగుతుంటే మాట్లాడకూడదు. పిడుగు వెళ్లమంటే వెళ్లాలి. వెళ్లమనదు, నాకు తెలుసు, అయినా రాసిపెడుతున్నాను.

9. పిడుగూ, హార్డ్ డిస్కులో నేను సగంలో వదిలినవి ఉన్నాయి. కోసుకో, తిప్పి వాయించు, చెరిపెయ్యి. నా ఫొటో పెట్టి గదిని మ్యూజియం చేశావో, పైనుంచి ఫ్యూజు కొట్టేస్తాను. నేను పోయిన రోజున ఇంట్లో ఎవరూ గొంతు తగ్గించి మాట్లాడనక్కర్లేదు.

చదివి, సరిచూసి, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

తేదీ: 11-02-2025, మంగళవారం

(సంతకం)
వెనకగది యజమానురాలు

సాక్షులు:

1. (సంతకం) రేడియో మెకానిక్. ఈ వీలునామా వల్ల నాకు వచ్చేదేమీ లేదు.

2. (సంతకం) పక్కింటి రిటైర్డ్ పోస్టుమాస్టరు. చప్పుడు గురించి ఈమె మీద మూడుసార్లు ఫిర్యాదు చేసినవాణ్ని. నేను ఈమె పక్షమని ఎవరూ అనలేరు కాబట్టి నన్నే పిలిచారు. నా ఎదుటే సంతకం చేశారు. బుద్ధి స్థిరంగానే ఉంది. పదేళ్లుగా గోడ ఇవతలినుంచి వింటున్నాను, నాకు తెలుసు. ఆ గది మనవరాలికి ఇవ్వడం మీద నా అభ్యంతరం నాకుంది. కానీ గది ఆమెది.