ఎవరూ సర్దని గది

జూలై 3. సన్నటి వాన. రెండు చొక్కాలు ఉతికి ఫ్యాను కింద ఆరేశాను.

ప్రియమైన వసపిట్టకు,

ఫోన్లో నేను ఊ, ఆ తప్ప ఏమీ అననని, కాగితం మీదైతే కనీసం వాక్యం పూర్తి చేస్తానని అన్నావు. అందుకే ఉత్తరం. రోజువారీ రాసుకునే అలవాటు కొద్దీ తేదీ, వాన, చేసిన పని ముందు పడిపోయాయి. నవ్వకు.

ఇక్కడి ఫర్నిచర్ షాపు మన ఊళ్ళో నేను చేసే షాపుకు రెండింతలుంది. కింద అమ్మకాలు, పైన గదులు. నిజం గదులు కావు. మూడు గోడలు కట్టి, నాలుగోది వదిలేసి, లోపల మంచం, బీరువా వేసి పడగ్గది ఇలా ఉంటుంది, వంటిల్లు ఇలా ఉంటుంది అని కొనేవాళ్ళకు చూపించేవి. నాకు ఇస్తామంటున్న పని వాటిని సర్దడం. డిస్‌ప్లే ఇన్‌చార్జి. అదే హోదా, అదే జీతం. ఎక్కినట్టూ కాదు, దిగినట్టూ కాదు. మన ఊళ్ళోనే ఉండి అమ్మకాలు చూసుకుంటే మేనేజరు కుర్చీ నాదేనంటున్నారు. ఇక్కడికొస్తే ఆ వరసలోంచి తప్పుకున్నట్టే. పైగా కంటి ఆసుపత్రిలో ఉద్యోగం వదిలి నువ్వు రాలేవు. నెలాఖరు దాకా పని చేసి చూసి, అప్పుడు చెప్పమన్నారు.

కానీ ఒక మాట. దీపాన్ని రెండడుగులు పక్కకు జరిపితే గది మొత్తం మారిపోతుంది. ఎవరూ నేర్పకుండానే అది నాకు తెలుసు. ఆ తెలిసినదానికి జీతం ఇస్తామని ఇన్నేళ్ళలో ఎవరూ అనలేదు.

వరసలో చివరి గది చూసి కాసేపు నిలబడిపోయాను. మనింటిలాగే అన్నీ ఒకే గదిలో ఉన్నాయి. ఒక మూల మంచం, ఒక మూల వంటగట్టు, మధ్యలో సోఫా. సామాను మనది కాదు. సర్దిన తీరు మాత్రం అచ్చంగా మనదే. సోఫా ఒక్కటే తేడా. గోడకు ఆనుకుని కాకుండా కిటికీ వైపు తిరిగి ఉంది.

"ఇది ఎవరు సర్దారు మేస్త్రీ?" అని వడ్రంగిని అడిగాను.

"ఎవరు సర్దుతారు సార్? మా ఇంటావిడలాగా, దానికి ఎప్పుడు తోస్తే అప్పుడు అదే సర్దుకుంటుంది" అన్నాడు.

నువ్వేమంటావు? ఉండమంటావా, రమ్మంటావా?

నీ
ముంగి


జూలై 7. ఎండ. చేసిన పని: మీ ఉత్తరం నాలుగుసార్లు చదవడం. (నేనూ రాయగలను!)

ప్రియమైన ముంగి మాస్టారికి,

ఇన్ని మాటలు మీ లోపల ఉన్నాయని తెలిస్తే పెళ్ళయిన కొత్తలోనే మిమ్మల్ని వేరే ఊరు పంపేదాన్ని.

ఒక వింత వినండి. మీ ఉత్తరం రావడానికి ముందురోజే నేను కూడా సోఫాను కిటికీ వైపు తిప్పాను. ఎందుకో అలా తోచింది. ఒక్కదాన్నే తోసేసరికి నడుం పట్టేసింది. పక్కింటావిడ తొంగి చూసి, "ఏమిటమ్మా, ఆయన లేడని గోడ మీద అలిగావా?" అంది. మీ ఉత్తరం తీసి చూపిస్తే, "మొగుడూ పెళ్ళాలకి ఒకే రోగం" అని నవ్వి వెళ్ళిపోయింది.

ఇక మీ ప్రశ్న. రమ్మంటే, రేపు మేనేజరు కుర్చీలో కూర్చుని కూడా ఆ దీపాల గురించే ఆలోచిస్తారు. ఉండమంటే, ఇది నన్ను వదిలించుకుంది అనుకుంటారు. పైకి అనరు, లోపల రాసుకుంటారు. అందుకని ఏమీ అనను. ఒంటరిగా ఉండటం నాకు అలవాటు లేదు, అంతే. అలవాటు కాదని కూడా అనను. మీరే ఆలోచించుకోండి.

చొక్కాలు ఫ్యాను కింద ఆరేస్తే ముక్కిన వాసన వస్తాయి. కిటికీ దగ్గర ఆరేయండి.

మీ
వసపిట్ట


జూలై 11. పెద్ద వాన. బూట్లకు పాలిష్ చేశాను.

ప్రియమైన వసపిట్టకు,

పని నచ్చుతోంది. రెండో గదిలో బల్ల తీసేసి కింద తివాచీ ఒక్కటి ఉంచాను. ఆ వేళ నలుగురు ఆగి చూశారు. ఇక్కడి మేనేజరమ్మ రెండుసార్లు వచ్చి చూసుకుని వెళ్ళింది.

చివరి గదిని మాత్రం నేను ముట్టుకోలేదు. ముట్టుకోకుండానే మారుతోంది. ఈ ఉదయం గడియారం కింద ఒక కుర్చీ ఉంది, ముఖం గోడకేసి తిప్పి. అలా ఏ షాపులోనూ పెట్టరు. ఎవరో తప్పుచేసి నిలబడ్డ పిల్లలా ఉంది. మేస్త్రీని అడిగాను. కింద సేల్సులో ఉండే అమ్మాయిని అడిగాను. ఆమె గొంతుకు అందరూ సైరన్ అని పేరుపెట్టారు. పైకి ఎవరూ రాలేదని గట్టిగా చెప్పింది, షాపంతా విన్నారు.

ఆ సైరన్ కూడా ఆ గది దగ్గరకు వస్తే గుసగుసలాడుతుంది. ఎందుకని అడిగితే, "తెలీదు సార్. ఎవరో పడుకున్నట్టుంటుంది" అంది. కొనడానికి వచ్చినవాళ్ళూ అంతే. నిన్న ఒకావిడ భర్త చెయ్యి పట్టుకుని, "పదండి, లోపల ఎవరో ఉన్నారు" అని వెనక్కి లాగింది. నాలుగో గోడే లేని గది అది. ఎవరూ లేరని ఇటునుంచే కనిపిస్తుంది.

ఒప్పుకుందామనే అనిపిస్తోంది. నెలకు రెండుసార్లు వస్తాను. నీకేమనిపిస్తే అది రాయి.

నీ
ముంగి


జూలై 15

ప్రియమైన మాస్టారికి,

గడియారం ఆగిపోయింది. బ్యాటరీ మార్చడానికి కుర్చీ ఎక్కాను. ఆనుకోవడానికి వీలుగా ఉంటుందని వీపు ఇటు, ముఖం గోడకేసి వేసుకున్నాను. దిగి, తీయడం మరిచిపోయాను. ఇంతలో మీ ఉత్తరం వచ్చింది. ఆ కుర్చీ పక్కనే నిలబడి చదివాను.

గోడలకు చెవులుంటాయంటారు. మీ షాపు గోడలకు కళ్ళు కూడా ఉన్నట్టున్నాయి.

భయం వేసిందని రాయాలేమో. నిజం చెబితే, బాగుంది. మీరు రోజూ వచ్చి నన్ను చూసి వెళ్తున్నట్టుంది. నిన్న ఆసుపత్రికి బయల్దేరుతూ జుట్టు సరిచేసుకున్నాను, ఖాళీ గదిలో, మీరు చూస్తారని. ఇంత వయసొచ్చాక ఇదేం సరసం అనుకుని నాకు నేనే సిగ్గుపడ్డాను.

నెలకు రెండుసార్లు అన్నారు. సరే. కానీ వచ్చినప్పుడు ఊ, ఆ కుదరదు. మాటలు మూటగట్టుకుని రావాలి.

మీ
వసపిట్ట


జూలై 20. మబ్బు. చొక్కాకు గుండీ కుట్టుకున్నాను.

ప్రియమైన నీకు,

ఇది ఎలా అడగాలో తెలియక నిన్న రాసింది చించేశాను.

చివరి గది మంచం మీద మొన్నటిదాకా రెండు తలగడలు ఉండేవి. ఇప్పుడు ఒక్కటే ఉంది. పక్కకు కాదు, సరిగ్గా మధ్యలో. తలుపు వెనక కొక్కేనికి వేలాడే మగవాళ్ళ కోటు లేదు. వంటగట్టు మీద రెండు కప్పులుండేవి. ఒకటి బోర్లించి ఉంది, ఒకటి లేదు.

నా తలగడ తీసేశావా? తీసేస్తే తప్పేమీ లేదు. ఖాళీగా చూడలేక తీసి ఉంటావు. కానీ నాకు రాయి.

గోడౌనులోంచి ఒక తలగడ తెచ్చి పక్కన పెట్టాను. టీ తాగి వచ్చేసరికి మళ్ళీ ఒక్కటే, మధ్యలో. పైకి ఎవరూ రాలేదు. నేను టీ తాగింది ఆ మెట్ల దగ్గర కూర్చునే. మిగతా గదుల్లో నేను ఏది ఎక్కడ పెడితే అది అక్కడే ఉంటుంది. ఈ గదిలో మాత్రం నా మాట చెల్లదు.

ఒప్పుకుంటున్నానని మేనేజరమ్మకు చెప్పడానికి కిందికి దిగాను. మెట్ల మధ్యలో ఆగి వెనక్కి వచ్చాను.

నీ
నేను


జూలై 24

ఏవండీ,

మీ ఉత్తరం పొద్దున వచ్చింది. చదివి నవ్వాను. ఎదురుగా రెండు తలగడలూ ఉన్నాయి. మీ కోటు కొక్కేనికే ఉంది. ఈయనకు బెంగ పట్టుకుంది, పాపం అనుకుని ఆసుపత్రికి వెళ్ళాను.

సాయంత్రం వచ్చి తలుపు తీశాను. మంచం మధ్యలో ఒకే తలగడ ఉంది. మీది బీరువా మీద ఉంది. తాళం నా దగ్గరే ఉంది, ఇంకెవరి దగ్గరా లేదు. తీసింది నేనే అయ్యుండాలి. వెళ్ళే ముందు తీశానేమో. గుర్తు లేదు. నా మోచేతికి మాత్రం బీరువా మీది దుమ్ము అంటుకుని ఉంది.

అప్పుడు మీ ఉత్తరాలన్నీ ముందేసుకుని తేదీలు చూశాను. మీరు సోఫా గురించి మూడో తేదీన రాశారు. నేను తిప్పింది ఐదున. కుర్చీ గురించి మీరు రాసిన మూడు రోజులకు నా గడియారం ఆగింది. ఇన్నాళ్ళూ మనం తిరగేసి చదివాం. మీ గది మనింటిని చూసి సర్దుకోవడం లేదు. మనిల్లే దాన్ని చూసి సర్దుకుంటోంది. నా చేతులతో.

మీ తలగడ మళ్ళీ మంచం మీద పెట్టాను. ఇది రాస్తూ తల తిప్పి చూస్తే లేదు. నేను కుర్చీలోంచి లేచినట్టు నాకు తెలియదు.

ఇంకోటి. మీ చొక్కాలు మడతపెట్టి సంచిలో పెడుతున్నాను. ఎవరికి ఇద్దామని పెడుతున్నానో తెలియడం లేదు. మీ ముఖం గుర్తు తెచ్చుకుంటే వస్తోంది. కానీ తెచ్చుకోవాల్సి వస్తోంది.

ఇంతవరకూ ఒక మాట అనకుండా ఉన్నాను. ఇప్పుడంటున్నాను. ఆ ఉద్యోగానికి ఒప్పుకోకండి. వచ్చేయండి.

మీ
(రాస్తాను, ఒక్క క్షణం)
వసపిట్ట


జూలై 28. వాన ఇంకా పడలేదు, పడేలా ఉంది. చేసిన పని తర్వాత రాస్తాను.

ప్రియమైన వసపిట్టకు,

ఒప్పుకోనని చెప్పేశాను. పొద్దున షాపు తెరవగానే చెప్పాను.

మేనేజరమ్మ కోప్పడలేదు. "మీ ముందాయన కూడా ఇలాగే వద్దన్నాడండీ. అన్న రోజే ఇంటికెళ్ళిపోయాడు" అంది.

"నేనూ ఈరోజే వెళ్తాను" అన్నాను.

"వెళ్ళండి. ఆయన స్కూటరు మాత్రం ఇంకా కింద షెడ్డులోనే ఉంది. మీరు సామాను మరిచిపోకండి" అంది. తర్వాత మేస్త్రీని పిలిచి, సర్దే మనిషి లేనప్పుడు పైన గదులెందుకు, పై అంతస్తు పరుపుల గోడౌనుకు ఇచ్చేద్దాం, ఇప్పుడే విప్పడం మొదలుపెట్టు అంది.

"చివరి గది ఉంచండి" అన్నాను.

"మీరుంటే ఉంచుతాను. వెళ్ళిపోయేవాళ్ళు, మీకెందుకండీ?"

మెట్లెక్కి పైకి వచ్చేశాను. నీకు తెలుసు కదా నా సంగతి. ఈ గది విప్పేస్తే మనిల్లు ఏమవుతుందో తెలియదు. విప్పనివ్వకుండా ఉండిపోతే ఇల్లు ఉంటుంది, అందులో నేను ఉండను. ఒకరోజు నువ్వు ఆ సంచి ఎవరికో ఇచ్చేస్తావు. ఎవరి చొక్కాలని వాళ్ళడిగితే, తెలియదంటావు.

ఇప్పుడు చివరి గదిలోనే కూర్చుని రాస్తున్నాను. బయట ఒక్కో గదీ విప్పుతున్నారు. మొదటిది అయిపోయింది. రెండోది నేను సర్దింది, ఎక్కువసేపు పట్టలేదు.

"ఇది చివర్న విప్పు మేస్త్రీ" అని అరిచాను.

"ఎలాగూ చివరిదే కద సార్" అన్నాడు అక్కణ్ణుంచి.

గోడౌనునుంచి తలగడ తెచ్చి మంచం మీద నా వైపు పెట్టాను. వదిలితే పోతుందని చెయ్యి తీయలేదు. పట్టుకుని ఉన్నంతసేపూ ఉంది. అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ ఈ గదిని అవతలనుంచి, లేని గోడ వైపునుంచి చూస్తూ వచ్చాను. ఒక్కసారీ లోపల కూర్చోలేదు. ఇంట్లో ఏముండాలో ఇక్కడ ఉండేదాన్ని బట్టే అయితే, ఉండాల్సింది తలగడ కాదు, నేను.

బూట్లు విప్పి, నా వైపు మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. మోకాలి మీద కాగితం. ఎడమచెయ్యి ఇంకా తలగడ మీదే ఉంది.

కాసేపటికి వంటగట్టు దగ్గర నీళ్ళ చప్పుడైంది. ఇక్కడ కుళాయిలకు పైపులుండవు. గట్టుకు మేకులతో బిగించిన ఉత్త కుళాయిలు. అయినా నీళ్ళు పడుతున్నాయి. తర్వాత నీ గొంతు వినిపించింది. "ఎవరది?"

"నేనే" అన్నాను. ఊ అనలేదు. రాసుకో.

"వచ్చేశారా? ఒక్క నిమిషం, చేతులు తడిగా ఉన్నాయి."

మూడో గది అయిపోయింది. మేస్త్రీ ఇటే వచ్చాడు. లేని గోడ దగ్గర నిలబడి లోపలికి చూశాడు. మంచం వైపు, సోఫా వైపు, సరిగ్గా నా వైపు. చెయ్యి ఊపాను.

"ఇందులో ఎవరూ లేరు. మొదలుపెట్టు" అన్నాడు పక్కనున్న మనిషితో.

వాళ్ళ గొంతులు పక్కింట్లో మాట్లాడుకుంటున్నట్టుగా ఉన్నాయి. కిటికీ వైపు నుంచి వెలుతురు వస్తోంది. ఇక్కడి కిటికీ వెనక ఉండేది చెక్క. చేసిన పని ఇంకా రాయలేదు. నువ్వు తువ్వాలు అడుగుతున్నావు. అందించి వచ్చి