సమ్మెట, తలుపు, మధ్యలో ఒక ‘ను’

‘ఒకవేళ’ శీర్షిక సంపాదకుడు గారికి నమస్కారాలు.

ఏ కాలం బాక్సరుతో ఏ కాలం బాక్సరు తలపడితే ఎవరు గెలుస్తారో కంప్యూటరు చేత తేల్పించి ప్రతి ఆదివారం అచ్చేస్తున్నారు. పోయినవాళ్లనీ పుట్టబోయేవాళ్లనీ కొట్టుకోమనండి, నాకేం. కానీ పోయిన వారం మా కాలపు హెవీవెయిట్ సమ్మెటను, ఇప్పటి ఛాంపియన్ ‘క్రేను’ మీదకు దింపి రెండో రౌండులోనే పడుకోబెట్టారు. కారణం ఏమిటయ్యా అంటే, సమ్మెట గతంలో ఒకసారి రెండో రౌండులో పడ్డాడట.

సమ్మెట జన్మలో పడలేదు. ఆ రోజు జరిగింది ఒక్కటే. సమ్మెట తలుపును పడగొట్టాడు. అది నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

క్రేను చేతులు పొడుగు, ఒప్పుకుంటాను. సమ్మెటవి పొట్టి. పొట్టి చేతులవాడు దగ్గరికి రావాలి. వచ్చాడంటే మొండి చుట్టం లాగా ఇక కదలడు. ఇది మీ కంప్యూటరుకు ఎవరు చెప్పాలి? సమ్మెట నా సెలూన్ కుర్చీలో కూర్చుని ఉండగానే ఎవరో మీ పేపరు పైకి చదివారు. వెంటనే దిద్దుబాటు వేయండి.

ఇట్లు,
మూడు కుర్చీల సెలూన్ యజమాని

తా.క.: శీర్షిక పక్కన మీ ఫోటో చూశాను. ఎడమ కృతా కుడిదానికంటే అంగుళం కిందికి ఉంది. కొలతల గురించి మీరా మాట్లాడేది.

*

సెలూన్ యజమాని గారికి,

మీ లేఖ అందింది. సమ్మెటగారు తలుపును పడగొట్టినందుకు సంతోషం. అయితే మా శీర్షికలో మనుషులతో జరిగిన పోటీలనే పరిగణిస్తాం. తలుపులు, కిటికీలు, ఇతర సామాను లెక్కలోకి రావు. హాలు వాళ్లు ఫిర్యాదు చేసి ఉంటే నకలు పంపండి. ‘ఆవేశం’ కింద అర మార్కు కలిపే వీలుంది.

భవదీయుడు,
‘ఒకవేళ’ సంపాదకుడు

తా.క.: కృతాలు సరిచేయించాను. ఇప్పుడు కుడిది కిందికి ఉంది.

*

అయ్యా,

తలుపు అంటే తలుపు కాదు, మనిషి. ఆరడుగుల రెండంగుళాల హెవీవెయిట్. ఎన్ని గుద్దినా మూసిన తలుపులా నిలబడేవాడని ఆ పేరు పెట్టారు. పద్దెనిమిది పోటీలు చేశాడు, పద్దెనిమిదీ ఓడాడు. పదిహేడు పాయింట్ల మీద, ఒక్కటి మాత్రం నేల మీద. ఆ ఒక్కటీ సమ్మెట చేతిలో. ముందు ఎడమచేత్తో పొట్టలోకి ఒకటి, వంగగానే కుడిచేత్తో దవడకు ఒకటి. ఆ రెండో గుద్దు ఎలా వచ్చిందో చాలా దగ్గరనుంచి చూశాను కనుక చెబుతున్నాను.

ఇది కాలక్షేపానికి రాస్తున్న ఉత్తరం కాదు. సమ్మెటకు ఈమధ్య జ్ఞాపకం జారిపోతోంది. పొద్దున ఏం తిన్నాడో మధ్యాహ్నానికి తెలియదు. మీ పేపరు విన్నప్పటినుంచి, “అయితే నేను పడ్డానన్నమాట. అచ్చులో ఉంది కదా,” అంటున్నాడు. ఆయనకు మిగిలిందే నాలుగు జ్ఞాపకాలు. అందులో ఒకటి మీరు లాక్కున్నారు. అది తిరిగి ఇచ్చేదాకా నేను ఊరుకోను, మిమ్మల్ని ఊరుకోనివ్వను.

ఇట్లు,
సెలూన్ యజమాని

తా.క.: టికెట్టు ముక్క చూపించమంటారేమో. లేదు. నేను టికెట్టు కొనలేదు.

*

సెలూన్ యజమాని గారికి,

పాత సంచికలు తిరగేశాం. ఆ దుమ్ముకు మూడు రోజులుగా తుమ్ముతున్నాను. నలభై ఏళ్ల కిందట మా పత్రికే స్పష్టంగా ప్రచురించింది: “రెండో రౌండులో సమ్మెటను తలుపు పడగొట్టాడు.” అచ్చయిన మాట ముందు, టికెట్టు లేకుండా హాల్లోకి దూరినవారి సాక్ష్యం నిలవదు.

పైగా మీ పుణ్యమా అని ఒక మరుగునపడ్డ వీరుడు దొరికాడు. సమ్మెటను పడగొట్టిన ఏకైక మనిషి తలుపు. వచ్చే వారం ఆయన్ని క్రేను మీదకు దింపుతున్నాం. కంప్యూటరు ఇప్పటికే ఆయన్ని గెలిపించేసింది. ఆయన బతికే ఉంటే మా వార్షికోత్సవంలో సన్మానం చేసి వెండి కప్పు ఇస్తాం. చిరునామా తెలిస్తే రాయగలరు.

భవదీయుడు,
‘ఒకవేళ’ సంపాదకుడు

తా.క.: ఆ వార్త గురించి అప్పట్లో పాఠకులు రాసిన ఉత్తరాలు పదకొండు దొరికాయి. ఒక్కటీ విప్పలేదు. మా పత్రిక మీద అందరికీ అంత నమ్మకం.

*

సంపాదకుడు గారికి,

చిరునామా అడిగారు. కవరు వెనక ఉన్నదే. ఆ తలుపును నేనే. ఈసారి ‘ను’ సరైన చోటే పడింది.

టికెట్టు ఎందుకు కొనలేదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. “సమ్మెట తలుపును” అని ఉండాల్సింది, అచ్చు అక్షరాలు పేర్చే మీ కంపోజిటరు చేతిలో ‘ను’ అటుది ఇటు జరిగి “సమ్మెటను తలుపు” అయింది. అన్నీ ఓడినవాడికి కాగితం మీద ఒక గెలుపు. నేనూ మనిషినే. ఆ ముక్క కత్తిరించి, ఫ్రేము కట్టించి, సెలూన్లో అద్దం పైన పెట్టుకున్నాను. సమ్మెట వచ్చి చూసి పడీపడీ నవ్వాడు. “ఉంచుకోరా, నువ్వూ ఒకటి గెలవాలిగా,” అన్నాడు. ఆ తర్వాత తన చెల్లెల్ని ఇచ్చి పెళ్లి చేశాడు. అప్పటినుంచి నాకు బావ. ఈ నలభై ఏళ్లలో ఒక్క కస్టమరు ముందు కూడా నా గుట్టు విప్పలేదు.

ఇప్పుడు ఆయనే నా కుర్చీలో కూర్చుని, తల పైకెత్తి ఆ ఫ్రేము చదువుకుని, “ఆ రోజు గట్టిగానే కొట్టావురా,” అంటున్నాడు. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ఆ పదకొండు ఉత్తరాలూ విప్పి చదవండి. పన్నెండోది అప్పుడే నేను రాయాల్సింది. రాయలేదు. ఇదిగో, ఇప్పుడు రాస్తున్నాను.

నిన్న ఫ్రేము దింపేశాను. గోడ మీద పలకంత తెల్లమచ్చ మిగిలింది. మీ దిద్దుబాటు అక్కడ అంటించి, గడ్డం గీసిన ప్రతిసారీ ఆయనకు పైకి చదివి వినిపిస్తాను. మర్చిపోతే మళ్లీ చదువుతాను. వెండి కప్పు కూడా ఆయనకే ఇవ్వాలి. ఇవ్వనంటే వేదిక ఎక్కి, మైకు లేకపోయినా నా గొంతుతోనే చెబుతాను. పడింది నేను. పది లెక్కపెట్టినా లేవలేదు. నన్ను పడగొట్టినవాడు ఈయనే, మా బావ.

రుజువుగా ఆ రోజు ఊడిన నా ముందుపన్ను పౌడరు డబ్బాలో పెట్టి పంపుతున్నాను. చూసి భద్రంగా తిప్పి పంపండి.

ఇట్లు,
తలుపు

తా.క.: వచ్చే వారం క్రేనుతో నా పోటీ ఎలాగూ ఆపరు. నన్ను ఓడించండి, కానీ పాయింట్ల మీద. క్రేను నన్ను పడగొట్టాడని మాత్రం రాశారో, కత్తెర పట్టుకుని మీ ఆఫీసుకే వస్తాను, మీ కృతాల సంగతి కూడా తేలుస్తాను. ఏ కాలంలోనైనా సరే, తలుపును పడగొట్టినవాడు ఒక్కడే.