ఎత్తిరాసిన మొదటి పోస్టు

మాస్టారూ,

చేతులు వణికే జబ్బువాళ్ళ కోసం మీరు నడిపే ఫోరంలో కొత్తవాళ్ళ మొదటి పోస్టులు చూసి, అందరికీ కనిపించేలా వదిలే పని నాకు అప్పజెప్పారు. నిన్న ఒక పోస్టు కింద, "పాతది ఎత్తిరాశారు. మనలో ఒకరిలా చేరి ప్రకటనలు దూర్చేవాళ్ళ పనే. తీసిపారెయ్" అన్నారు. నేను తియ్యలేదు. కోప్పడకుండా చదవండి.

ఎత్తిరాసిన మాట నిజమే. ఎవరిదో మీకు గుర్తుండకపోవచ్చు. అది పోయిన మా నాన్న మొదటి పోస్టు. "స్పూను పట్టుకుంటే కుడి చెయ్యి వణుకుతోంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. మీకూ మొదట్లో ఇలాగే ఉండేదా?" పొల్లుపోకుండా దించేశారు, ఒక్కచోట తప్ప. కుడి చెయ్యి ఎడమ చెయ్యి అయింది. ప్రకటనలవాళ్ళకి ఏ చెయ్యైతే ఏమిటి?

మా ఇంట్లో ఎడమచేతివాటం అమ్మ ఒక్కతిదే. ఈమధ్య నాకు కాఫీ సగం గ్లాసే ఇస్తోంది. ఇదేంటమ్మా అంటే, "ఎక్కువ తాగితే నీకు నిద్ర పట్టదే" అంది. నమ్మేశాను.

ఇలాంటివి ఎలా రాయాలో తెలియక నాన్న మాటలే అరువు తెచ్చుకుంది కాబోలు.

ఆ పోస్టు ఇప్పుడే వదులుతున్నాను. అప్పుడు నాన్నకి రాసినట్టే ఓపిగ్గా జవాబు రాయండి, ఎవరో తెలియనట్టే. నేను రాస్తే ఇట్టే పట్టేస్తుంది. ఈ పని నేను చూస్తున్నట్టు అమ్మకి తెలియదు, తెలియనివ్వకండి. తనంతట తను నాతో చెప్పేదాకా నేను సగం గ్లాసు కాఫీయే తాగుతాను.

మీ దగ్గర పని నేర్చుకుంటున్న
అమ్మాయి