పాపకు అలవాటైపోయింది

జూన్ 9, సోమవారం

మా వెనుకగది గోడకు, రైలు పట్టాలకు నడుమ పద్దెనిమిది అడుగులు. నేనే టేపు పట్టి కొలిచాను. నిన్న ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు కిటికీ దగ్గర కూర్చుని లెక్కపెట్టాను. నలభై ఒక్క బళ్లు. తొమ్మిది గూడ్సులు. గూడ్సు వెళ్లేటప్పుడు అలమరలో గ్లాసులు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి.

ఈ ఇంట్లో వాక్యాలు మధ్యలో ఆగుతాయి. అమ్మ కుట్టుమిషన్ మీద కాలు తీయకుండానే నోరు మూసుకుంటుంది. బండి వెళ్లాక, ఆగిన మాట దగ్గరే మళ్లీ అందుకుంటుంది. బావ ప్రింటింగ్ ప్రెస్‌లో పని చేస్తాడు, ఆ యంత్రాల మోత ముందు అతనికి ఇది మౌనవ్రతంతో సమానం. అక్కను ఇమ్మని అడగడానికి వచ్చిన రోజు అమ్మ చెప్పిన జవాబు గూడ్సులో కలిసిపోయిందట. సరే అందనుకున్నాడట. వినపడి ఉంటే తప్పించుకునేవాణ్ణి అంటాడు. అక్క చేతిలో ఏది ఉంటే అది విసురుతుంది.

నేను ఈ సంవత్సరం ఇంటర్ కాలేజీ డిబేట్లలో ఒక్కటీ ఓడలేదు. ఆ గొంతు ఈ పట్టాల పక్కనే తయారైంది. అందుకు పట్టాలకు నేనేమీ కృతజ్ఞురాలిని కాను. శబ్దాన్ని అడ్డుకునే గోడ కట్టమని రైల్వేకు పిటిషన్ రాస్తున్నాను. నాకోసం కాదు. అక్క కూతురికి మూడున్నర నెలలు. పిన్ని అనే హోదా ఊరికే రాదు.

అంత మోతలోనూ పాప హాయిగా నిద్రపోతుంది. కడుపులో ఉన్నప్పుడే అలవాటైపోయింది, బంగారుతల్లి, పేచీ అన్నదే లేదు అని అమ్మ వీధంతా చెప్పుకుంటుంది. అలవాటంటే గాయం మొద్దుబారడం. ఈ వాక్యం పిటిషన్‌లో ఉండాలి.

జూన్ 12, గురువారం

టీకా వేయించడానికి అక్కతో ఆరోగ్యకేంద్రానికి వెళ్లాను. నర్సు పెద్దావిడ. కళ్లజోడు ముక్కు చివర నిలుస్తుంది. సూది వేసే ముందు పాప తల వెనుక తాళంచెవుల గుత్తి ఆడించింది. ఇటు ఒకసారి, అటు ఒకసారి. పాప ఆవిడ జేబులోని ఎర్ర పెన్నునే చూస్తోంది. ఇంట్లో చప్పుళ్లకు తల తిప్పుతుందా అని నర్సు అక్కను అడిగింది. అక్క నోరు తెరిచేలోగా నేను అందుకున్నాను.

బాగా మాట్లాడాను. నిజం రాసుకోవాలంటే, చాలా బాగా మాట్లాడాను. రైళ్ల పక్కన పెరిగే శిశువు మెదడు చప్పుళ్లను వడకట్టుకుంటుందని, దానిని హాబిట్యుయేషన్ అంటారని, రోజుకు నలభై బళ్లు వినే చెవికి తాళంచెవుల గలగల ఏపాటిదని. పెద్దాసుపత్రికి చీటీ రాస్తాను, ఒకసారి టెస్టు చేయించుకోండి, పోయేదేముంది అంది నర్సు. అక్కరలేని టెస్టు తల్లికి అక్కరలేని భయమని ఖండించాను. చివరికి ఆవిడ, నీతో నేను గెలవలేను తల్లీ, బయట ఇంకా పన్నెండుమంది ఉన్నారు అని చీటీల పుస్తకాన్ని సొరుగులో పెట్టేసింది.

దారి పొడవునా అక్క పాప ముఖమే చూస్తూ నడిచింది. ఇంటికి వచ్చాక బావకు మొత్తం నటించి చూపించాను. మా లాయరమ్మ కేసు గెలిచిందంటూ పాప చేతులు పట్టుకుని చప్పట్లు కొట్టించాడు.

జూలై 3, గురువారం

పిటిషన్ ఇచ్చాను. పదకొండు పేజీలు, అరవై రెండు సంతకాలు. మొదటి గుమాస్తా రెండో గుమాస్తా దగ్గరికి పంపాడు. రెండో ఆయన భోజనానికి వెళ్లాడు. మూడో ఆయన, పట్టాలు ముందు వచ్చాయా, మీ ఇల్లు ముందు వచ్చిందా అన్నాడు. ఆ ప్రశ్నలోని దోషానికి తర్కశాస్త్రంలో ఒక పేరుంది, చెప్పమంటారా అన్నాను. వద్దమ్మా అని స్టాంపు వేశాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్లుంది. అయినా ఊదుతాను.

జూలై 4, శుక్రవారం

గొంతు పోయింది. ఇంట్లో అందరికీ పండగ.

ఆగస్టు 19, మంగళవారం. సాయంత్రం 5

రైల్వే ఇంజనీరు శబ్దం కొలిచే మీటరుతో వచ్చాడు. బావ సెలవు పెట్టాడు. పాప వెనుకగదిలో చాప మీద వెల్లకిలా పడుకుని ఫ్యాను చూస్తోంది. గూడ్సు వచ్చింది. మీటరు తొంభై నాలుగు చూపింది. ఇంజనీరు మాత్రం పాపను చూస్తున్నాడు. బండి వెళ్లాక నవ్వి, ఏమ్మా, చంటిపిల్ల కన్నయినా ఆర్పలేదు, మీకెక్కడిది ఇబ్బంది అన్నాడు.

ఈ మాట కోసమే రెండు నెలలుగా కాచుకుని ఉన్నాను. అది పాత చప్పుడు కాబట్టి చలించలేదు సార్, ఏదైనా కొత్త చప్పుడు చేసి చూడండి, ఉలిక్కిపడకపోతే నా పిటిషన్ నేనే చించేస్తాను అన్నాను.

ఆయన దాన్ని పందెంగా తీసుకోలేదు. మీటరు సరిచూసుకోవడానికి పెట్టెలోంచి చిన్న పరికరం ఒకటి తీసి మీట నొక్కాడు. సన్నటి కూత. పంటి నరాన్ని మెలిపెట్టినట్లుంది. అమ్మ చెవులతో పాటు కళ్లు కూడా మూసుకుంది. బావ నోటిదాకా వచ్చిన మాటను మింగాడు. ఆ పరికరం పాప చెవికి జానెడు దూరంలో ఉంది.

పాప ఫ్యాను చూస్తోంది.

ఎవరూ గమనించలేదు. ఇంజనీరు గోడకు సిఫారసు చేస్తానన్నాడు. మీలాంటివాళ్లు ఉండాలమ్మా అన్నాడు. అమ్మ ఆయనకు రెండోసారి టీ ఇచ్చింది.

గెలిచాను.

ఆగస్టు 20, బుధవారం

జూలై మూడో తేదీ పేజీలో ఒక సామెత రాశాను. కొట్టేశాను. కాగితం చిరిగింది.

ఆగస్టు 23, శనివారం

మూడు రోజులుగా దొంగలా పరీక్షలు పెడుతున్నాను. పాప వెనుక చప్పట్లు కొట్టాను. పళ్లెం మీద గరిటెతో మోగించాను. ఏమిటే ఈ భజన, నీకు గాని పిచ్చెక్కిందా అని అమ్మ కేకలేసింది. పాప తిరగలేదు.

ఒక్కసారి తిరిగింది. తరువాత చూసుకున్నాను, నా నీడ ఎదుటి గోడ మీద పడుతోంది. నీడ పడని చోట కూర్చున్నాను. బంగారం అన్నాను. కన్నా అన్నాను. మైకు లేకుండా హాలు చివరి వరుసకు చేరే గొంతుతో అన్నాను. పాప తన కాలి బొటనవేలిని పరిశీలిస్తోంది.

ఆగస్టు 27, బుధవారం

అక్కకు చెప్పాను. మాటలు వరుసగా పేర్చుకుని వెళ్లాను. మొదటి వాక్యంలోనే గూడ్సు వచ్చింది. అది దాటేవరకు అక్క నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది. దాటాక, నాకు తెలుసే అంది.

మూడో నెల నుంచీ అనుమానమట. జోల పాడితే పాప తన పెదాలనే చూసేదట. ముఖం పక్కకు తిప్పుకుని పాడితే, పాట లేనట్లే ఉండేదట. ఆ రోజు నర్సును టెస్టు గురించి అడగాలనే వెళ్లిందట. మరి ఎందుకు అడగలేదని అరిచాను. అవును, అరిచాను. అక్క నెమ్మదిగా, నువ్వంత బాగా చెబుతుంటే నిజమేనేమో అనిపించిందే, నిజమైతే బాగుండుననిపించింది అంది.

తిట్టలేదు. తిట్టి ఉంటే ఏదో ఒక జవాబు చెప్పగలిగేదాన్ని.

ఆ రోజు నుంచి రెండు నెలల పదిహేను రోజులు.

సెప్టెంబరు 8, సోమవారం

పెద్దాసుపత్రి. పాపను నిద్రపుచ్చి తలకు తీగలు అంటించారు. చెవిలో చప్పుడు పడినప్పుడల్లా స్క్రీన్ మీద గీత లేవాలట. నలభై నిమిషాలు చూశాను. లేవలేదు. డాక్టరు, రెండు చెవులూ అన్నారు. ముందు చెవి మిషన్లు పెట్టి చూద్దాం, చాలకపోతే ఆపరేషన్, దానికి వెయిటింగ్ లిస్టు ఉంది అన్నారు. ఈ వయసులో ఒక్కో నెలా విలువైనదేనమ్మా అన్నారు. ఎవరినీ ఉద్దేశించి అనలేదు.

అక్క నా వైపు చూడలేదు. బావ చూశాడు. లాయరమ్మా, నువ్వైనా ఏదో ఒకటి అనవే, ఈయన చెప్పింది తప్పని చెప్పు, నీకు వచ్చు కదా అన్నాడు. వేళాకోళం కాదు. నా మణికట్టు పట్టుకుని అడిగాడు.

నోరు తెరిచాను. ఆ గదిలో ఎంత నిశ్శబ్దమో. అడ్డుపడడానికి ఒక్క బండి కూడా రాలేదు.

సెప్టెంబరు 9, మంగళవారం

డిబేట్ ఫైనల్స్ నుంచి పేరు వెనక్కి తీసుకున్నాను. కోచ్ కారణం అడిగారు. ఏ కారణం చెప్పబోయినా అది వాదనలాగే వినిపించింది.

అక్టోబరు 16, గురువారం

గోడ మంజూరైంది. ఉత్తరంలో “శిశువుల వినికిడి ఆరోగ్యం దృష్ట్యా” అని ఉంది. అది నా వాక్యమే. ఏడో పేజీ, రెండో పేరా.

పక్కింటి ఆవిడ వచ్చి, మొత్తానికి సాధించావే పిల్లా, ఇక మీ పాప హాయిగా నిద్రపోతుంది అంది. ఆవిడకు తెలియదు. అమ్మ, అవునమ్మా అవును అని ఉత్తరాన్ని మిషన్ సొరుగులో, దారపు ఉండల కింద పెట్టింది. పాప చెవి మిషన్ పీకి నోట్లో పెట్టుకుంది. అక్క తుడిచి మళ్లీ పెట్టింది. మళ్లీ పీకింది. మధ్యాహ్నమంతా అదే పని.

డిసెంబరు 21, ఆదివారం

గోడ పూర్తయింది. రైలు ఇప్పుడు పొరుగింటి దగ్గులా వెళ్తోంది.

పాప బోర్లా పడి, చెంపను గచ్చుకు ఆనించింది. ఉన్నట్టుండి నవ్వింది. ఎవరమూ నవ్వించలేదు. నేను తొమ్మిది అంకెలు లెక్కపెట్టాక మాకు గూడ్సు వినిపించింది.

పక్కనే పడుకుని నేనూ చెంప ఆనించాను. తరువాతి బండి వరకు అలాగే ఉన్నాను. పాప నవ్వింది. గచ్చు చల్లగా ఉంది. నా చెంపకు ఇంకేమీ తెలియలేదు.