తలుపు మీద నాలుగో పేరు

మహారాజశ్రీ సుష్మక్క గారి సముఖానికి, బి.ఏ. ఇంగ్లీషు వెలగబెట్టిన తమ్ముడు విన్నవించుకునేది:

సునామీ తర్వాత ఈ అండమాన్‌లో, హోప్ టౌన్‌లో మనకిచ్చిన కొత్త ఇంటికి రంగులు వేస్తామని విదేశాల నుంచి హైస్కూలు పిల్లలు వచ్చారు. గోడలకంటే మొహాలకే ఎక్కువ పూసుకున్నారు. వాళ్లకీ అమ్మకీ మధ్య దుబాసీని నేనే.

తలుపు మీద ఇంట్లోవాళ్ల పేర్లు రాస్తామన్నారు. అమ్మదీ నీదీ నాదీ చెప్పాను. "దేవేంద్రది మర్సిపోనావేట్రా?" అంది అమ్మ. రెండేళ్ల కిందట అల తీసుకుపోయిన తమ్ముడి పేరు కూడా రాయించాను. అతనెక్కడని ఒక పిల్ల అడిగింది.

"సంద్రం కాడికి... కల్," అంది అమ్మ.

హిందీలో ఆ మాటకి నిన్న అనీ అర్థమే, రేపు అనీ అర్థమే. అమ్మ చెప్పింది నిన్న. నా నోటికి మాత్రం రేపొస్తాడనే ఇంగ్లీషు వచ్చింది. ఆ పిల్ల తన టోపీ తీసి అమ్మ చేతిలో పెట్టి, నేర్చుకున్న హిందీలో, "దేవేంద్ర! కల్!" అంది నవ్వుతూ.

అప్పటినుంచీ అమ్మ రోజూ పొద్దున్నే ఆ టోపీ దులిపి తలుపు పక్క మేకుకి తగిలిస్తోంది. వచ్చేవారం ఓడ దిగి నువ్వొచ్చాక ఆ పేరు చెరిపెయ్యమనకు అక్కా. నా తర్జుమా తప్పని కూడా చెప్పకు. నేను చెప్పలేకపోయాను.

ఇట్లు,
నీకు మిగిలిన తమ్ముడు